సాక్సాఫోన్ ఇత్తడిది కదా, బ్రాస్ గళ్ళో ఎందుకు లేదు? వాద్యాల కుటుంబాలు, సంగీతం పుట్టుక గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

అంబాజీపేట అమ్మాయి
అందరికీ నమస్కారమండి. మావాడికి స్కూల్లో ఎగ్జిబిషన్ ఉంది. ధ్వని మీద ఏదైనా చెయ్యమంటే ఆర్కెస్ట్రా వాద్యాల చార్టు వేస్తానని కూర్చున్నాడు. నెట్‌లో చూసి నాలుగు గళ్ళు గీశాడు: స్ట్రింగ్స్ (తీగలవి), ఉడ్‌విండ్ (చెక్కవి, ఊదేవి), బ్రాస్ (ఇత్తడివి), పెర్కషన్ (కొట్టేవి). అక్కడితో ఆగితే బాగుండేది. సాక్సాఫోన్ నిలువెల్లా ఇత్తడి కదా, ఉడ్‌విండ్ గళ్ళో ఎందుకుందని మొదలెట్టాడు. ఫ్లూటు చూస్తే వెండిలా మెరుస్తోంది, అదీ ఉడ్‌విండేనట. మన సన్నాయి ఎక్కడ పెట్టాలి, డోలు ఎక్కడ, హార్మనీ (హార్మోనియం) ఎక్కడ, దేవుడి గదిలో శంఖం ఎక్కడ అని ఒకటే ప్రశ్నలు. నా సంగీతం సరళీ స్వరాల దగ్గరే ఆగిపోయింది, నేనేం చెప్పను?

పైగా చార్టు మీద సంగీతం ఎప్పుడు పుట్టిందో నాలుగు లైన్లు రాయాలట. ఒకచోట 40 వేల ఏళ్ళంటారు, ఇంకోచోట 60 వేలంటారు. కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.

సైన్స్ మాస్టారు, తణుకు
మీవాడు సరైన ప్రశ్నే అడిగాడమ్మా. వాద్యాన్ని దేనితో చేశారన్నది పక్కన పెట్టి, అందులో ఏది వణుకుతోందో చూడమనండి. సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

సాక్సాఫోన్ మూతికి ఒక రీడ్ బిగిస్తారు. పల్చగా చెక్కిన రెల్లు జాతి బద్ద. ఊదితే వణికేది అదే, ఇత్తడి గొట్టం కాదు. క్లారినెట్‌కీ అదే పద్ధతి. బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ 1846లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. లోహంతో చేసినా రీడ్ వల్ల క్లారినెట్ పక్కన కూర్చుంది.

ఫ్లూటుకి రీడ్ కూడా ఉండదు. రంధ్రం అంచుకి గాలి కొట్టుకుని ఆ గాలే అటూ ఇటూ ఊగుతుంది. మన పిల్లనగ్రోవిలో జరిగేదీ అదే. యూరప్‌లోనూ ఒకప్పుడు ఫ్లూట్లు చెక్కవే. 1847లో థియోబాల్డ్ బోమ్ అనే ఆయన లోహపు గొట్టంతో కొత్త రకం చేశాక మెల్లగా అవి వెండివయ్యాయి. వస్తువు మారింది గానీ కుర్చీ మారలేదు.

బ్రాస్ దగ్గరికొస్తే వాయించేవాడి పెదాలే రీడ్. పెదాలు బిగించి బుర్రుమనిపించాలి. ట్రంపెట్, ట్రాంబోన్, ఫ్రెంచ్ హార్న్, ట్యూబా అన్నీ అంతే. ఈ లెక్కన మీ దేవుడి గదిలో శంఖం బ్రాస్ గళ్ళోకి పోతుంది, దాంట్లో ఇత్తడి రవ్వంత లేకపోయినా సరే. కొమ్ముబూర కూడా దాని పక్కనే.

బ్యాండ్ బుజ్జి, మండపేట
మాస్టారు చెప్పింది నిజమండీ. నేను పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయిస్తాను. రీడ్ పోతే అంతే సంగతులు. వాయించే ముందు దాన్ని నోట్లో పెట్టుకుని తడపాలి. ఎండు రీడ్‌తో మొదలెడితే కీచుమంటుంది, పెళ్ళివారందరూ ఒక్కసారి మన వంక చూస్తారు. బాగా తడిసినా పలకదు. కొన మందంగా ఉంటే గీకుతాం, పల్చబడిపోతే చివర రవ్వంత కత్తిరిస్తాం. పెట్టెలో పది ఉన్నా ఊరేగింపుకి పనికొచ్చేవి రెండో మూడో.

ఎన్నాళ్ళ నుంచో నాకో డౌటుంది మాస్టారూ. క్లారినెట్‌లో కింద 'స' పట్టుకుని, వెనక బొటనవేలి కీ నొక్కితే పై 'స' రాదు. దాన్ని దాటి పై స్థాయి 'ప' వస్తుంది. మా జట్టులో సాక్సాఫోన్ అన్నయ్యకి మాత్రం చక్కగా పై 'స' వస్తుంది. రెండిటికీ రీడ్ ఒకే రకం కదా, ఎందుకిలా?

సైన్స్ మాస్టారు, తణుకు
గొట్టం ఆకారం వల్ల బుజ్జీ. క్లారినెట్ లోపల దాదాపు మొదట్నుంచి చివరిదాకా ఒకే లావు. రీడ్ ఉన్న వైపు మూసినట్టు లెక్క. ఒక వైపు మూసిన తిన్నటి గొట్టంలో మూల స్వరానికి మూడు రెట్లు, అయిదు రెట్లు ఉన్న కంపనాలే గట్టిగా పలుకుతాయి, రెండు రెట్లది పలకదు. రెండు రెట్లంటే పై 'స', మూడు రెట్లంటే దాని పైన 'ప'. అందుకే ఒకేసారి అక్కడికి గెంతుతుంది. సాక్సాఫోన్ మూతి నుంచి కిందికి వెడల్పవుతూ పోతుంది. అలాంటి గొట్టంలో రెండు రెట్లదీ పలుకుతుంది.

సన్నాయి కూడా వెడల్పయ్యే గొట్టమే, దానికీ పై 'స' వస్తుంది. ఇంటర్లో ఆర్గన్ పైపుల పాఠం గుర్తుందా? ఇదే అది. మనం మార్కుల కోసం చదివి వదిలేశాం.

లంకలవాడు
ఆయ్, ఇంత తర్జనభర్జన ఎందుకండీ? ఇదంతా భరతుడు రెండు వేల ఏళ్ళ కిందటే తేల్చేశాడు. నాట్యశాస్త్రం 28వ అధ్యాయం తీసి చూడండి. తీగలున్నవి తతం, చర్మం కప్పినవి అవనద్ధం, తాళాల్లాంటి గట్టివి ఘనం, గాలివి సుషిరం. నాలుగే నాలుగు. సాక్సాఫోన్ వెండిదైనా బంగారందైనా సుషిరమే, ఏ చిక్కూ లేదు. తెల్లోళ్ళు మన శాస్త్రం కొట్టేసి మనకే చార్టులు అమ్ముతున్నారు. బాబుకి ఆ నాలుగు గళ్ళూ చెరిపేసి ఈ నాలుగూ గీసుకోమనండి.

పాతపుస్తకాల పిచ్చోడు, రాజమండ్రి
కొట్టేశారనే మాట తేలిగ్గా అనేస్తాం గానీ లంకల గారూ, అసలు కథ ఇంకా బాగుంటుంది. కలకత్తాలో శౌరీంద్ర మోహన్ ఠాగూర్ అని సంగీతమంటే ప్రాణమిచ్చే జమీందారు ఉండేవాడు. 1876లో ఆయన బెల్జియం రాజు రెండో లియోపోల్డ్‌కి వందకి దగ్గరగా మన వాద్యాలు కానుకగా పంపాడు. అవి బ్రస్సెల్స్ సంగీత కళాశాల మ్యూజియంలో చేరాయి. అక్కడి అధికారి విక్టర్ మహియోన్. వాద్యాలు చేసే కుటుంబంలో పుట్టినవాడు. స్ట్రింగ్స్, బ్రాస్ అనే లెక్కతో చూస్తే వీటిలో సగానికి చోటే దొరకదు. 1880 నుంచి కేటలాగు వేస్తూ ఆయన భారతీయ నాలుగు విభాగాల దారే పట్టాడు. దాన్ని పట్టుకుని 1914లో ఎరిక్ ఫాన్ హార్న్‌బోస్టెల్, కుర్ట్ సాక్స్ అనే ఇద్దరు బెర్లిన్ పండితులు ఇంకా లోతుగా విడగొట్టి ఒక్కో రకానికీ ఒక నంబరు వేశారు. ఈ సాక్స్ వేరు, సాక్సాఫోన్ సాక్స్ వేరు. ప్రపంచంలో చాలా మ్యూజియాలు ఇప్పటికీ వాళ్ళ నంబర్లే వాడుతున్నాయి. కరెంటుతో పలికే వాద్యాలకి అయిదో గది తర్వాత చేరింది.

అంటే పంపింది మనవాడే, తీసుకున్నది వాళ్ళు, దాని మీద కష్టపడిందీ వాళ్ళే. భరతుడికి గ్రంథంలో నాటకం ముఖ్యం. రంగస్థలం మీద ఏ వాద్యం ఎక్కడ అన్నది ఆయన పట్టింపు. ప్రపంచంలో ఉన్న ప్రతి గిలక్కాయకీ నంబరు వెయ్యాలన్నది బెర్లిన్ వాళ్ళ పట్టింపు. రెండూ ఒకటే అనేస్తే ఇద్దరికీ అన్యాయం.

ఇంకో సంగతి. వస్తువును బట్టి విభజించిన వాళ్ళూ ఉన్నారు. పాత చైనాలో ఎనిమిది వర్గాలు: లోహం, రాయి, మట్టి, పట్టు, తోలు, సొరకాయ, వెదురు, చెక్క. మీవాడి సాక్సాఫోన్ అక్కడ ఏ పేచీ లేకుండా లోహం గళ్ళో కూర్చుంటుంది.

వయొలిన్ టీచరమ్మ, కాకినాడ
అందరూ కలిసి ఆర్కెస్ట్రా వాళ్ళని తప్పుపడుతున్నారు గానీ, ఆ నాలుగు గళ్ళు సైన్సు కోసం గీసినవి కావండీ. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఎవరికి ఏ నోట్స్ రాయాలి అన్నదాని కోసం వచ్చినవి. వందమంది ఉన్న ఆర్కెస్ట్రాలో అరవై మంది దాకా తీగలవాళ్ళే ఉంటారు. ఒక్క వయొలిన్ గొంతు ఒక ట్రంపెట్ ముందు వినపడదు, అందుకే అంతమంది, అందుకే ముందు వరస. ఇత్తడివాళ్ళు నలుగురైదుగురు లేస్తే హాలు దద్దరిల్లుతుంది కాబట్టి వెనక కూర్చుంటారు. ఆ వెనక డ్రమ్ములు. ఫ్లూటు ఆయనే పికలో అనే బుల్లి ఫ్లూటు కూడా అందుకుంటాడు, ఓబో ఆమె అవసరమైతే ఇంగ్లిష్ హార్న్ పడుతుంది. ఆ ఇంగ్లిష్ హార్న్ హార్నూ కాదు, రీడ్ వాద్యం. పేర్లతో పెట్టుకోకండి.

తీగల కుటుంబం ఒక్కటీ దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది. వయొలిన్ పెద్ద గొంతు కాదు, పై గొంతు. దానికన్నా అయిదు స్వరాలు కింద వయోలా. వయోలాకి సరిగ్గా ఒక స్థాయి కింద చెల్లో. అన్నిటికన్నా అడుగున డబుల్ బేస్, నిలబడి వాయిస్తారు. నాలుగింటికీ గుర్రపు వెంట్రుకల బో, అంటే కమాను, దానికి రోజిన్ అనే చెట్టు బంక. రోజిన్ రాయకపోతే బో తీగ మీద జారిపోతుంది తప్ప పలకదు. తీగని పట్టుకోవడం, వదలడం, మళ్ళీ పట్టుకోవడం సెకనుకి వందలసార్లు జరిగితేనే ఆ నాదం.

వయొలిన్ మనకి బాలుస్వామి దీక్షితర్ చేతుల మీదుగా కచేరీలోకి వచ్చిందంటారు. ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు. మనం దాన్ని నేల మీద కూర్చుని కాలి మడమకి ఆనించి, స-ప-స-ప శ్రుతి చేసుకుంటాం. వయోలాని మాత్రం అంతగా పట్టించుకోలేదు. పట్టించుకున్న పెద్దాయన ఎవరో తెలుసా? మన శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ. పాడటమే కాదు, వయోలా కూడా వాయించేవారు. కోనసీమ పిల్లాడి చార్టులో వయోలా బొమ్మ కింద ఆయన పేరు లేకపోతే నేనొప్పుకోను.

మేళం మనవడు, ద్రాక్షారామం
మా ఊరి పేరు చెప్పకుండా ఆర్కెస్ట్రా గురించి మాట్లాడేస్తున్నారు. ఈమని శంకరశాస్త్రి గారు 1922లో ద్రాక్షారామంలో పుట్టారండీ. వైణికుడు. ఆలిండియా రేడియో వాద్యబృందాన్ని ఢిల్లీలో నడిపించిన మనిషి. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు ఆయన శిష్యుడే.

ఇక సన్నాయి సంగతి. మా తాత సన్నాయి వాయించేవాడు. దాని పీకకి, అంటే నోట్లో పెట్టుకునే ముక్కకి, రెండు రేకులుంటాయి, ఒకదానికొకటి ఎదురెదురుగా. రేకంటే మాస్టారు చెప్పిన రీడే. క్లారినెట్‌కి ఒకటే. అందుకే సన్నాయికి ఆర్కెస్ట్రాలో దగ్గర చుట్టం క్లారినెట్ కాదు, ఓబో. దానికీ రెండు రేకులే, దానిదీ వెడల్పయ్యే గొట్టమే. తాత సన్నాయికి ఓ దారం, దారానికి మూడు నాలుగు పీకలు, ఒక సూది వేలాడుతూ ఉండేవి. పాట మధ్యలో పీక మూసుకుపోతే ఆ సూది పెట్టి రేకులు రవ్వంత తెరిచి, పక్కన శ్రుతి పట్టే ఒత్తు ఆగేలోపే మళ్ళీ అందుకునేవాడు.

మీవాడికి సన్నాయి చేతికిచ్చినా ఊదలేడు గానీ, కొబ్బరాకు బూర చెయ్యమనండి. అంబాజీపేటలో కొబ్బరాకుకి కరువా? ఒక ఆకు ఈనె తీసేసి, చిన్న ముక్క చుట్టి కొన నొక్కితే పీక. దాని చుట్టూ మిగతా ఆకు ఏటవాలుగా చుట్టుకుంటూ పోతే గరాటులా వెడల్పవుతుంది. విడిపోకుండా ఈనె పుల్ల గుచ్చాలి. నొక్కిన కొనలో రెండు అంచులు వణుకుతాయి. ఓబో, సన్నాయి, కొబ్బరాకు బూర ఒకే ఇంటివి. చార్టు పక్కన అది పెట్టి ఊదితే జడ్జీలు అక్కణ్ణుంచి కదలరు.

అంబాజీపేట అమ్మాయి
ఆకు కోసం ఇప్పుడే చెట్టు దగ్గరికి పరిగెత్తాడండీ. సంగీతం పుట్టుక గురించి ఎవరూ చెప్పలేదు.

పూతరేకు, ఆత్రేయపురం
నేను చెప్తానక్కా, నాకు తెలిసినంత. పని నుంచే పుట్టింది. ఊడుపులకి వెళ్ళిన ఆడవాళ్ళు పాడకుండా నాటు వెయ్యరు. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు, చేతులన్నీ ఒకేసారి బురదలోకి దిగుతాయి. పాట ఆగితే వరస వంకర పోతుంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవల మీద పడవలే మనకి బస్సులూ లారీలూ. గాలి లేనప్పుడు గట్టు మీద తాడు పట్టుకుని మనుషులే లాగేవాళ్ళు. 'హైలెస్సా' అనకుండా ఆ తాడు కదుల్తుందా? అందరి బలం ఒక్క క్షణంలో పడాలంటే లయ కావాలి.

పాతపుస్తకాల పిచ్చోడు, రాజమండ్రి
పూతరేకు గారు అన్నమాటే 1896లో కార్ల్ బ్యూషర్ అనే జర్మన్ ఆర్థికవేత్త పుస్తకంగా రాశాడు, లయ పనిలోంచి వచ్చిందని. ఆయనకన్నా ముందు 1857లో హెర్బర్ట్ స్పెన్సర్ ఇంకోటి అన్నాడు: ఉద్రేకం వస్తే మాట హెచ్చుతగ్గులవుతుంది, అదే సాగి పాటయిందని. 1871లో డార్విన్ ఇది తిరగేశాడు. మాటకన్నా పాటే ముందు, పక్షుల్లాగే జత కోసం కూసిన కూతలే మూలం అన్నాడు. ఈ కాలం వాళ్ళు కొందరు తల్లి బిడ్డతో పలికే ముద్దు మాటల్లోంచి అంటారు. నన్నడిగితే ఒక్క మూలం కోసం వెతకడమే దండగ. జోలపాట, ఊడుపు పాట, శవం ముందు డప్పు ఒకే చెట్టు కాయలు కానక్కర్లేదు.

ఇక ఏళ్ళ లెక్క. 40 వేలు అన్నది దక్షిణ జర్మనీ గుహల మాట. హోలె ఫెల్స్ అనే గుహలో 2008లో రాబందు రెక్క ఎముకతో చేసిన పిల్లనగ్రోవి దొరికింది. అయిదు వేలి రంధ్రాలు, జానెడు పొడుగు, సన్నటి గొట్టం. వయసు 35 నుంచి 40 వేల ఏళ్ళు. దగ్గర్లోనే గైసెన్‌క్లోస్టెర్లె గుహలో హంస ఎముకవి, మామత్ (అంతరించిపోయిన ఏనుగు జాతి) దంతంతో చేసినవి దొరికాయి. ఆ పొరల వయసు 42, 43 వేలన్నారు. దంతంది చేసిన పద్ధతి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. దంతాన్ని నిలువుగా రెండుగా చీల్చి, లోపల తొలిచి, గాలి పోకుండా మళ్ళీ అతికించారు. అది మొదటి ప్రయత్నం చేసినవాడి పని కాదు.

60 వేలు అన్నది స్లొవేనియాలో 1995లో దొరికిన ఎలుగుబంటి తొడ ఎముక. నియాండర్తల్ మనిషి చేసిన పిల్లనగ్రోవి అని కొందరు, మాంసాహార జంతువు కొరికిన పంటి గాట్లు అని కొందరు. ఆ పేచీ నడుస్తూనే ఉంది. బాబు దాన్ని రాస్తే పక్కన ప్రశ్నార్థకం పెట్టమనండి. పేచీ లేనిది కావాలంటే చైనాలోని జియాహు: దాదాపు 9 వేల ఏళ్ళ నాటి కొంగ జాతి ఎముకల వేణువులు, వాటిలో ఒకటి ఇప్పటికీ పలికింది.

సైన్స్ మాస్టారు, తణుకు
ఒక్క మాట చేరుస్తాను. ఇవన్నీ మిగిలినవాటి వయసులే, సంగీతం వయసు కాదు. ఎముక మిగులుతుంది. వెదురు, తోలు, కొబ్బరాకు మిగలవు. గొంతు, చప్పట్లు అసలే మిగలవు. జర్మనీ గుహల్లో చల్లదనం, మరుగు ఉన్నాయి. గోదారి లంకల్లో ఏడాదికో వరద, ఒండ్రు. ఇక్కడ ఎవడైనా 40 వేల ఏళ్ళ కింద వెదురు ఊది ఉంటే మనకి ఆనవాలు దొరకదు.

శంఖం గురించి మీకు బాగా నచ్చే కబురొకటి. ఫ్రాన్స్‌లో మార్సూలా గుహలో 1931లో పెద్ద సముద్రపు గుల్ల దొరికింది. తాగడానికి వాడిన పాత్ర అనుకుని టూలూజ్ మ్యూజియంలో తొంభై ఏళ్ళు పెట్టారు. 2021లో మళ్ళీ పరీక్షగా చూస్తే కొన కావాలని తీసేసి ఉంది, మూతి సరిచేసి ఉంది. ఒక హార్న్ విద్వాంసుణ్ణి పిలిచి ఊదించారు. మూడు స్వరాలు పలికాయి. వయసు 18 వేల ఏళ్ళు.

అట్లాంటా పాలకొల్లు
ఇక్కడ సింఫనీకి వెళ్ళినప్పుడల్లా నాకు నచ్చేది అసలు కచేరీ కన్నా ముందు రెండు నిమిషాలు. అందరూ ఎవరిగోల వాళ్ళది గీకుతూ ఊదుతూ ఉంటారు. అప్పుడు ఓబో ఒక్క స్వరం పడుతుంది, సెకనుకి 440 కంపనాలది. ఒక్కొక్క కుటుంబం దాంతో కలుపుకుంటుంది. మన కచేరీలో శ్రుతి పెట్టె చివరిదాకా మోగుతూనే ఉంటుంది, ఇక్కడ ఒక్కసారి చూసుకుని వదిలేస్తారు.

మా ఊరి గొప్ప కూడా చెప్పుకోవాలి కదా. మాండలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులోనే పుట్టాడు. మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలు. ఆయన అయిదు ఒంటి తీగలు పెట్టి కరెంటు మాండలిన్ వాయించాడు. జత తీగల మీద గమకం కోసం స్వరాన్ని ఊపుతూ లాగితే రెండూ సరిగ్గా కలవవు, ఒంటి తీగ అయితే వేలు చెప్పినట్టు వింటుంది. ఆర్కెస్ట్రాలో మాండలిన్‌కి స్థిరమైన కుర్చీ లేదు. మన సభల్లో ఆయన దానికి మధ్యలో పీట వేయించాడు.

డప్పు బిడ్డ, అల్లవరం
మొదట్నుంచీ చదువుతున్నాను. వీణ వచ్చింది, సన్నాయి వచ్చింది, డోలు వచ్చింది. శవం దగ్గర తప్ప డప్పు ఎవరికీ గుర్తు రాలేదు. కనుమనాడు జగ్గన్నతోటకి ప్రభలు వస్తుంటే, కౌశిక కాలవలో దిగి భుజాల మీద అవతలికి మోస్తుంటే, ముందు మోగేది ఏంటండీ? డప్పు లేకుండా ఆ మోతబరువు ఎత్తమనండి చూద్దాం.

చార్టులో రాయడానికి పనికొచ్చేదే చెప్తాను. గుండ్రటి చెక్క చట్రం, ఒకవైపే తోలు. ఒక చేతిలో లావు పుల్ల, ఇంకో చేతిలో సన్న బద్ద. సంక్రాంతి మంచుకి తోలు నిమ్మెక్కి బొద్దుగా పలుకుతుంది. గడ్డి మంట వేసి కాస్తాం. తిప్పుతూ కాయాలి, ఒకే చోట పెడితే చిట్లుతుంది. మధ్యమధ్య వేలితో కొట్టి చూస్తాం. ఠంగున పలికితే చాలు, తీసేస్తాం. గంటకోసారి మళ్ళీ కాయాలి. ఆర్కెస్ట్రాలో టింపనీ అనే పెద్ద డ్రమ్ముకి కాలితో తొక్కే పెడల్ ఉంటుందట తోలు బిగించడానికి. మా పెడల్ మంట.

మోడరేటర్
దీనికి జవాబులు రాసేవాళ్ళు కులం ఊసు ఎత్తకుండా వాద్యం గురించే రాయండి. రెండు పోస్టులు తీసేశాను.

సైన్స్ మాస్టారు, తణుకు
డప్పు గారన్నది న్యాయం. చట్రపు డప్పు ప్రపంచంలోనే పాత వాద్యాల్లో ఒకటి. నాలుగు వేల ఏళ్ళ నాటి మెసొపొటేమియా మట్టిబొమ్మల్లో ఆడవాళ్ళు గుండెకి ఆనించి పట్టుకుని కనిపిస్తారు.

తోలు గురించి ఒక సంగతి. ఒట్టి తోలు కొడితే వచ్చే కంపనాలు ఒకదానికొకటి పొసగవు, అందుకే మామూలు డ్రమ్ములో మోతే గానీ స్వరం స్పష్టంగా ఉండదు. మృదంగం కుడివైపు మధ్యలో నల్లటి కరణి ఉంటుంది చూడండి, ఆ అదనపు బరువు వల్ల కంపనాలు తీగలో లాగా రెండు రెట్లు, మూడు రెట్లుగా సర్దుకుంటాయి. దీన్ని లెక్కగట్టి 1920లో నేచర్ పత్రికలో రాసినవాడు సి.వి. రామన్. నోబెల్ రావడానికి పదేళ్ళ ముందు. చార్టులో ఈ ఒక్కటి రాసినా ఎగ్జిబిషన్ పేరు నిలబెట్టినట్టే.

నాటకాల బాబాయ్, పెనుగొండ
హార్మనీ గురించి ఒక్కడూ నోరు మెదపలేదు. పద్యనాటకంలో తెర లేవకముందు హార్మనీ మీద ఆ రాగం పారితే జనం సర్దుకు కూర్చుంటారు. అది ఏ గళ్ళోనూ లేదంటే నేనీ చార్టే ఒప్పుకోను.

వయొలిన్ టీచరమ్మ, కాకినాడ
సుషిరమే బాబాయ్ గారూ. లోపల ఒక్కో స్వరానికీ ఒక్కో చిన్న ఇత్తడి నాలిక. తిత్తి గాలి తగిలి అవి వణుకుతాయి. మౌత్ ఆర్గన్, అకార్డియన్ అదే జాతి. 1840ల్లో పారిస్‌లో తయారైంది కాళ్ళతో తొక్కేది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేత్తో తిత్తి కొట్టేలా మార్చాడు. కానీ మెట్టుకీ మెట్టుకీ మధ్య ఏమీ లేదు, గమకం పలకదు. రేడియో వాళ్ళు 1940 నుంచి 1971 దాకా దాన్ని రానివ్వలేదు. నాకూ వాళ్ళ పక్షమే.

నాటకాల బాబాయ్, పెనుగొండ
రేడియో రానివ్వకపోతే మాకేంటమ్మా, ఆ ముప్పై ఏళ్ళూ మా పందిళ్ళలో అది మోగుతూనే ఉంది. గమకం మెట్లలో లేకపోతే గొంతులో ఉంటుంది. పద్యం లాగేవాడికి పట్టుకోవడానికి ఒక గట్టు కావాలి, అదే హార్మనీ. మరి మీ పియానో సంగతేంటి? మెట్లు దానికీ ఉన్నాయిగా?

వయొలిన్ టీచరమ్మ, కాకినాడ
ఉన్నాయి. లోపల తీగలు, వాటిని కొట్టే సుత్తులు. 1700 ప్రాంతాల్లో ఇటలీలో క్రిస్టోఫోరి చేశాడు. భరతుడి లెక్కన తతం. ఆర్కెస్ట్రాలో మాత్రం కొందరు పెర్కషన్ పక్కన చేరుస్తారు, కొందరు కీబోర్డులని విడిగా రాస్తారు. దాని గమకం గురించి నేనేమీ పొగడలేదు బాబాయ్ గారూ.

బ్యాండ్ బుజ్జి, మండపేట
మరి మోర్సింగ్? ఇనప చట్రం, మధ్యలో నాలిక, పళ్ళకి ఆనించి వేలితో మీటుతారు. తీగ లేదు, తోలు లేదు, ఊదేది లేదు.

పాతపుస్తకాల పిచ్చోడు, రాజమండ్రి
బెర్లిన్ వాళ్ళు దాన్ని మీటే ఘనవాద్యాల్లో వేశారు. అది తప్పు, నోట్లో గాలే అసలు స్వరాన్ని మారుస్తోంది కాబట్టి సుషిరంలో వెయ్యాలని తర్వాత పండితులు కొందరు ఎదురు తిరిగారు. నోటికి దూరంగా పట్టుకుని మీటి చూడు బుజ్జీ, టింగుమని ఊరుకుంటుంది. నీ దగ్గర ఉంటే రెండు రకాలుగానూ రికార్డు చేసి ఇక్కడ పెట్టు, లంకల గారు ఏమంటారో చూద్దాం.

లంకలవాడు
ఘనమే. రికార్డు పెట్టండి గానీ.